అక్క కడుపుమంట

ల్యాబు వెనక అద్దె గది

అక్కా,

ఫోన్‌లో నువ్వు "ఆఁ, ఊఁ, సరేలే, అమ్మకిస్తున్నా" అని నాలుగు ముక్కల్లో నన్ను వదిలించుకుంటావు. అందుకే ఉత్తరం రాస్తున్నాను. ఉత్తరాన్నయితే అమ్మ చేతిలో పెట్టి తప్పించుకోలేవు. ఆవిడ కళ్ళజోడు ఎప్పుడు దొరికింది గనక.

ఉద్యోగంలో చేరాను. గది చిన్నది. కిటికీ తెరిస్తే ఎదురింటి గోడ, మూస్తే అద్దంలో నా మొహం. రెండిట్లో గోడే నయం.

పనేంటంటే, మనుషుల పేగుల్లో కాపురముండే సూక్ష్మజీవుల్ని పెంచడం. నువ్వు రోజంతా బస్సులో మనుషుల్ని మోస్తావు. ఆ మనుషులు మోసుకు తిరిగే వాళ్ళకి నేను తిండి పెడుతున్నాను. వీటికి గాలి తగిలితే చచ్చిపోతాయి. అందుకని ప్రాణవాయువు తీసేసిన గాజుపెట్టెలో ఉంచుతాం. ఆ పెట్టెకి పొడుగాటి నల్ల తొడుగులు బిగించి ఉంటాయి. మోచేతుల దాకా వాటిలో దూర్చి, బయట నిలబడి లోపల పని చెయ్యాలి. ఒకసారి దూర్చాక ముక్కు దురద పెట్టిందా, అంతే సంగతులు. నిన్న ముక్కుని పెట్టె అంచుకేసి రుద్దుకుంటుంటే మా మేడమ్ చూసింది. చూసి తన పనిలో పడింది. తర్వాత చూసుకున్నాను, ఆ అంచు మీద సరిగ్గా అక్కడే రంగు పోయి ఉంది. నా ముందు పనిచేసిన వాళ్ళందరిదీ అదే దారన్నమాట.

ఇక్కడున్నవి చాలావరకు బుద్ధిమంతులే. ఒక్కడు మాత్రం రౌడీ. పేగు గోడకి పట్టుకుని వదలని రకం. అసలు పేరు పలకాలంటే నాలుక మడత పడుతుంది. ల్యాబులో అందరూ జిగురుగాడు అంటారు. వాడిని నాకప్పగించారు.

తెల్లకోటు ఫోటో అమ్మకి పంపాను. ఐసు అమ్మేవాడిలా ఉన్నానందట. ఈ ఇంట్లో గర్వపడదామంటే పడనివ్వరు. నువ్వన్నా పడు.

తోక


డిపో, డ్రైవర్ల గది

తోకా,

చిన్నప్పుడు నా వెనకే తిరుగుతున్నావని పెట్టిన పేరు. ఉత్తరం కింద సంతకంగా చూస్తే నవ్వొచ్చింది. తోక ఊరు మారింది, నేను మాత్రం ఇదే రూట్లో తిరుగుతున్నాను.

ట్రిప్పుకీ ట్రిప్పుకీ మధ్య రాస్తున్నా. నా చేతికి స్టీరింగు అలవాటు, అక్షరాలు వంకరగా ఉంటే మలుపులనుకో. మీ బావ నీ ఉత్తరం గట్టిగా చదవమన్నాడు. పేగుల దగ్గరికొచ్చేసరికి, అన్నం ముందు వద్దు తల్లీ అన్నాడు. లిఫ్టులు బాగుచేసే మనిషి, ఎంత ఎత్తునయినా తాడు పట్టుకుని వేలాడతాడు, పేగులంటే భయం.

అమ్మ నీ ఫోటోకి ఫ్రేము కట్టించింది. వచ్చినవాళ్ళందరికీ చూపిస్తోంది. ఐసు అనడం మాత్రం మానలేదు.

నీ ఉత్తరం వచ్చిన దగ్గర్నుంచీ నాకు ఒకటే కడుపుమంట. అమ్మతో అంటే నవ్వి ఊరుకుంది. మీ బావతో అనలేను. నీతో కూడా అనకూడదనే అనుకున్నా గానీ, ఇంకెవరితో చెప్పుకోను. కొన్నాళ్ళకి అదే తగ్గుతుందిలే.

మా కండక్టరు విజిలు వేస్తోంది. ఉంటా.

అక్క


ల్యాబు వెనక అద్దె గది

గౌరవనీయులైన అక్కగారికి,

మీ ఉత్తరం అందినది. విషయములు తెలిసినవి. మీ కడుపుమంట గురించి తెలిసి మిక్కిలి చింతిస్తున్నాను.

"మీరు" అని రాస్తుంటే నాకే ఒళ్ళు జలదరిస్తోంది, అయినా మానను. మీకు సైన్సంటే ప్రాణమని నాకు తెలియదా? నేను చదివింది మీ పాత పుస్తకాలే. కప్ప పొట్ట కోసిన బొమ్మ మీరు గీసిందే, కింద మీ సంతకంతో సహా. ఇంత బాగా గీసిన మనిషి బస్సెందుకు ఎక్కింది అని మా టీచరు అడిగినప్పుడు నేను చెప్పిన జవాబు "మా అక్కకి బస్సే ఇష్టం" అని. మీరు నాతో చెప్పిందే నేను చెప్పాను. అప్పుడు ఇష్టం అని, ఇప్పుడు మంట అంటే నేనేం చెయ్యాలి? తెల్లకోటు విప్పి పోస్టులో పంపనా?

ఒక్క ఉత్తరంలో సంతోషంగా రెండు మాటలు రాసుకున్నాను. ఇకమీదట ఎండ గురించి, వాన గురించి రాస్తాను.

ఇక్కడ ఎండగా ఉంది.

ఇట్లు
మీ చెల్లెలు


డిపో, డ్రైవర్ల గది

పిచ్చిమొహమా,

నీ ఉత్తరం చదివి ముందు ఏమీ అర్థం కాలేదు. రెండోసారి చదివాక ఒక్కదాన్నే పడీ పడీ నవ్వాను. పక్క బెంచీ మీద పడుకున్న డ్రైవరు లేచి, ఏమ్మా లాటరీ తగిలిందా అన్నాడు.

నేను చెప్పింది నీ మీద మంట కాదే. కడుపు. అందులో మంట. మధ్యలో జాగా వదిలి మళ్ళీ రాస్తున్నా చూడు: కడుపు మంట. పొట్టలో, బొడ్డు కింద, ఎడమ పక్కన. అమ్మ కూడా నీలాగే అనుకున్నట్టుంది, అందుకే నవ్వింది. "పోనీలేవే, చిన్నది కదా" అని నా వీపు నిమిరింది. ఎందుకు నిమిరిందో ఇప్పుడర్థమైంది. మీ ఇద్దరికీ నా మీద ఎంత నమ్మకం.

ఇకనుంచి ఒక పద్ధతి పెట్టుకుందాం. ఒంటి సంగతయితే మధ్యలో జాగా వదులుతాను. మనసు సంగతయితే కలిపి రాస్తాను. సరేనా?

పెద్దగా ఏం లేదు. బాత్రూముకి ఎక్కువసార్లు వెళ్ళాల్సొస్తోంది. బస్సులో అది కష్టం. ఏ స్టాపులో బాత్రూముంది, ఏది తాళం వేసి ఉంటుంది, ఏ హోటలువాడు మొహం మాడ్చుకోకుండా పోనిస్తాడు, అన్నీ నోటికొచ్చేశాయి. అందరూ రూటుని స్టాపులతో గుర్తుపెట్టుకుంటారు, నేను తలుపులతో గుర్తుపెట్టుకుంటున్నా. మొన్న బస్సు నడిరోడ్డు మీద చెడిపోయి గంటసేపు ఆగింది. నాకదే విశ్రాంతి.

మళ్ళీ "మీరు" అన్నావంటే తోక కత్తిరిస్తా.

అక్క


ల్యాబు వెనక అద్దె గది

అక్కా,

సిగ్గుతో చచ్చాను. ఆ సంగతి తర్వాత. ముందు నేనడిగినవాటికి దాచకుండా చెప్పు. రక్తం పడుతోందా? నిద్రలోంచి లేవాల్సొస్తోందా? మంట మొదలవక ముందు యాంటీబయోటిక్ ఏమైనా మింగావా? బరువు తగ్గావా? "పెద్దగా ఏం లేదు" అన్నది నీ జవాబు కాకూడదు. కాలు విరిగినప్పుడు కూడా నువ్వు అదే అన్నావు.

నేను ఏడాదంతా చదివింది, ఇప్పుడు రోజూ చేస్తున్నది ఇదే అక్కా. పేగు లోపలి గోడ మీద జిగట పొర ఒకటుంటుంది. మంచి సూక్ష్మజీవులు దాని మీద ఉండి, మనకి అరగని పీచు తిని, గోడకి బలమిచ్చే సరుకు తయారుచేస్తాయి. వాటికి తిండి కరువైనా, మందులకి అవి చచ్చినా ఆ పొర పలచబడుతుంది. అప్పుడు జిగురుగాడిలాంటివాళ్ళు నేరుగా గోడ దాకా వచ్చి అంటుకుంటారు. ఒంట్లో కాపలా కణాలు ఉంటాయి కదా, అవి వాడిని చూసి రెచ్చిపోయి మంట పెడతాయి. నీ భాషలో చెప్పాలంటే, బస్సులో సీట్లన్నీ మంచివాళ్ళతో నిండి ఉంటే రౌడీకి నిలబడ్డానికి చోటుండదు. సీట్లు ఖాళీ అయితే వాడు ఎక్కి కూర్చుంటాడు.

కాబట్టి సీట్లు నింపుదాం. పప్పులు తిను. పచ్చి కూరగాయలు తిను, తొక్క తీయకుండా. పెరుగు తిను. నేను గాజుపెట్టెలో బుద్ధిమంతులకి పీచు కలిపిన పులుసులాంటిది పోస్తే పొద్దున్నకల్లా పెట్టె కళకళలాడుతుంది, జిగురుగాడు మూలకి పోతాడు. కళ్ళారా చూస్తున్నాను.

డాక్టరు దగ్గరికి కూడా వెళ్ళు. ఇది అడగడం కాదు, చెప్పడం.

తోక


ఇల్లు, మేడ మీద గది

తోకా,

నువ్వు అడిగిన వాటన్నిటికీ జవాబు ఒకటే, అవును. యాంటీబయోటిక్ పంటి నొప్పికి మింగాను. చెప్పలేదంటే, అమ్మ ఎప్పుడూ పక్కనే ఉంటుంది. ఫోన్‌లో ఆ మాటలు ఎలా మాట్లాడను. కాగితం మీద కూడా "రక్తం" అని రాయడానికి నాకు ఇంతసేపు పట్టింది.

నీ మీద నమ్మకంతో పచ్చి కూరగాయలు తిన్నాను. తొక్కతో. వారం తిన్నాను. ఆ వారం సంగతి రాయను.

బస్సు చెడిపోయిందని రాశాను కదా, అది అబద్ధం. బస్సు భేషుగ్గా ఉంది. చెడిపోయింది నేను. బస్సు నిండా జనం. స్టాపు ఇంకా దూరం. ఇక ఆగదని తెలిసిపోయింది. పక్కకి తీసి, హ్యాండ్ బ్రేకు వేసి, దిగి పరిగెత్తాను. చెప్పుల దుకాణంలోకి. అక్కడ బాత్రూము లేదు. వెనక గోదాము ఉంది, అంతే. తిరిగొచ్చేసరికి అందరూ కిటికీల్లోంచి చూస్తున్నారు. కండక్టరు "ఇంజను వేడెక్కింది, ఇంజను వేడెక్కింది" అని ముందు నుంచి వెనక దాకా చెప్పుకుంటూ తిరుగుతోంది. నా మొహం వైపు చూడకుండా తన చున్నీ తీసి నా నడుముకి చుట్టింది. డిపో దాకా నేనే నడిపాను. దారిలో ఒక్కరూ ఆపమని అడగలేదు, దిగాల్సినవాళ్ళు కూడా.

డాక్టరు గొట్టం వేసి చూశాడు. పెద్దపేగు లోపలంతా పుండట. దీనికో పొడుగు పేరుంది, కాగితం మీద రాసిచ్చాడు. దాని కిందే స్టెరాయిడ్ మాత్రలూ రాశాడు. పుండు ఆరే దాకా పీచు, పప్పులు, పచ్చివి ముట్టుకోవద్దన్నాడు. ఎవరు తినమన్నారు అని అడిగాడు. ఎవరూ అనలేదన్నాను.

నీ బస్సు కథలో నాకొక్క సంగతి అర్థం కాలేదు. నా బస్సులోకి రౌడీ ఎక్కితే నేను వాడిని దింపేస్తాను. వాడొక్కడి కోసం బస్సుకి నిప్పంటించను కదా?

అక్క


ల్యాబు, గాజుపెట్టె పక్కన స్టూలు

అక్కా,

ఎవరూ అనలేదన్నావా. నా పేరు చెప్పి తిట్టించాల్సింది.

గాజుపెట్టెలో పుండు ఉండదు. నేను చూసింది అక్కడ. నొప్పి లేని చోట ఏది పోసినా బాగానే ఉంటుంది. ఆ ముక్క నాకు తట్టకపోవడానికి నేనేం చదివాను?

నీ ప్రశ్నకి జవాబు. మన ఒంటికి నీకున్న తెలివి లేదు. రౌడీని దింపడం దానికి రాదు. వాడు కనపడగానే సీట్లు, కిటికీలు, తలుపులు అన్నీ తగలబెడుతుంది. వాడు చచ్చాడో లేదో చూసుకోదు. మంటకి పొర ఇంకా కరుగుతుంది, అప్పుడు ఇంకొందరు రౌడీలు ఎక్కుతారు, దాంతో ఇంకా మంట. ఎక్కడో ఒక చోట ఈ తిరుగుడు ఆపాలి. నీకిచ్చిన స్టెరాయిడ్ నిప్పు మీద నీళ్ళు చల్లుతుంది. దానికి లొంగకపోతే సూదిమందులున్నాయి, కాపలా కణాల చెయ్యి పట్టుకుని ఆపేవి. రౌడీలని చంపే మందులూ ఉన్నాయి గానీ వాటికి మంచి చెడు తెలియదు, బస్సంతా ఖాళీ చేస్తాయి.

ఈ రోజు కావాలని ఒక పని చేశాను. జిగురుగాడి ప్లేటు మీద ల్యాబులో ఉన్న మందులన్నీ ఒక్కొక్కటే చుక్క వేశాను. చాలావాటికి చచ్చాడు. చుక్క చుట్టూ శుభ్రంగా గుండ్రటి జాగా. ఆ గుండ్రాలు చూస్తూ కూర్చున్నాను. ఇంత తేలిగ్గా చచ్చే ఇలాంటివాడే నీ దగ్గర మాత్రం కాపురం పెట్టి ఉంటాడు.

మేడమ్ వచ్చి ఇదెవరి కోసం అంది. చెప్పాను. అప్పుడు ఆవిడ ఒక సంగతి చెప్పింది. నవ్వకుండా విను. ఆరోగ్యంగా ఉన్న మనిషి మలం తీసుకుని, శుభ్రపరిచి, అందులోని సూక్ష్మజీవుల్ని జబ్బు మనిషి పేగులోకి పంపే వైద్యం ఒకటుంది. అంటే ఖాళీ బస్సులోకి ఒకేసారి ఒక బస్సెడు మంచి ప్రయాణికుల్ని ఎక్కించడం. అందరికీ పనిచెయ్యదు. కొందరికి మంట ఆరిపోయింది. మా మేడమ్ స్నేహితురాలి ఆసుపత్రిలో నీలాంటి జబ్బుకి ప్రయోగంగా చేస్తున్నారట. దాతగా ఇంట్లోవాళ్ళనీ తీసుకుంటారట.

నేనిస్తాను అక్కా. నాకే రోగమూ లేదు. మందులు మింగి ఏళ్ళయింది. రాళ్ళు తిన్నా అరుగుతుందని అమ్మే అంటుంది కదా.

తోక


డిపో, పోయిన వస్తువుల గది

తోకా,

నవ్వకుండా విను అన్నావు. నవ్వితే ప్రమాదం కాబట్టి నవ్వలేదు. లోపల్లోపలే నవ్వుకున్నా. నా చేత చదువు చెప్పించుకుని, నా గౌనులు వేసుకుని, నా వాటా మిఠాయి కూడా తిని, ఇన్నాళ్ళకి నువ్వు నాకివ్వబోయేది ఇదా? మీ బావకి చెప్పాను. తింటున్న కంచం పక్కకి జరిపాడు. తర్వాత, "రక్తం ఇచ్చినట్టే కదా, అంతే కదా" అన్నాడు. అంతే అన్నాను. "మరి చిన్నదానికి ఏం పెట్టమంటారో అడుగు, మంచి తిండి పంపిద్దాం" అన్నాడు.

బస్సు మీంచి దింపేశారు. పోయిన వస్తువుల గదిలో కూర్చోబెట్టారు. గొడుగులు, ఒంటి చెప్పులు, ఒక కట్టుడు పళ్ళ సెట్టు. దాన్ని ఎలా మర్చిపోయి దిగారో నాకర్థం కాదు. ఇక్కడ మంచిదేంటంటే బాత్రూము ఎదురుగానే ఉంది. యూనిఫాం నడుము దగ్గర పిన్నీసు పెట్టుకుంటున్నా. మొహం మాత్రం స్టెరాయిడ్‌కి గుమ్మడికాయలా ఉబ్బింది. తెలియనివాళ్ళు ఒళ్ళు చేశావే అంటున్నారు.

కిటికీలోంచి నా బస్సు కనపడుతుంది. ఎవరో కుర్రాడికిచ్చారు. గేరు మార్చినప్పుడల్లా దాన్ని ఏడిపిస్తున్నాడు.

సూదిమందు రెండో విడత అయింది. దానికీ లొంగలేదు. డాక్టరు సూటిగా చెప్పాడు. నీ చెల్లెలు చెప్పిన వైద్యానికి పేరు రాస్తాను, పరీక్షలు వెంటనే చేయించండి, అప్పటికీ తగ్గకపోతే పెద్దపేగు తీసెయ్యాలి, పొట్ట మీద సంచి పెట్టాలి అని. సంచితో బస్సు నడుపుతారా అని అడిగాను. ముందు బతుకుదాం అన్నాడు.

నాకు బస్సు కావాలే. ఆ గదిలో గొడుగుల మధ్య ఉండలేను. నీకు చేతులు పెట్టడానికి గాజుపెట్టె ఎలాగో నాకు స్టీరింగు అలాగ. తొందరగా పరీక్షలకి వెళ్ళు. నిన్ను ఎప్పుడూ ఏదీ అడగలేదు. ఇది అడుగుతున్నా.

అక్క


ల్యాబు వెనక అద్దె గది

అక్కా,

బావ పంపిన తిండి అందింది. పరీక్షలకి ఇచ్చి వచ్చాను. ఇక్కడ వానలు మొదలయ్యాయి. ఎదురింటి గోడ మీద నాచు పట్టి పచ్చగా తయారైంది, ఇప్పుడు కిటికీ తెరిస్తే కొంచెం బాగుంటోంది. ల్యాబులో గాజుపెట్టె తొడుగు ఒకటి చిరిగింది. లోపలికి గాలి పోయి ఒక అరలోవన్నీ చచ్చిపోయాయి. మళ్ళీ మొదట్నుంచి పెంచాలి.

వానలో తడవకు. అమ్మని అడిగానని చెప్పు.

తోక


ఆసుపత్రి, కిటికీ పక్క మంచం

తోకా,

అలిగినప్పుడు ఎండ గురించి, వాన గురించి రాస్తానని నువ్వే అన్నావు. ఇప్పుడు అలగలేదు. మరి వాన ఎందుకొచ్చింది?

చేర్చుకున్నారు. రక్తం ఎక్కిస్తున్నారు. రాయడానికి మీ బావ అట్ట పట్టుకుని నిలబడ్డాడు, తల అటు తిప్పుకుని. చదవనంటున్నాడు. చదువుతూనే ఉంటాడు.

పరీక్షలో ఏం వచ్చింది? ఏదొచ్చినా చెప్పు. డాక్టరు రోజూ అడుగుతున్నాడు, నేను రోజూ మా చెల్లెలు రాస్తుందని చెప్తున్నా.

అక్క


ల్యాబు, గాజుపెట్టె పక్కన స్టూలు

అక్కా,

నన్ను తీసుకోలేదు.

జిగురుగాడు నాలో ఉన్నాడు. మొదట ఆసుపత్రివాళ్ళు పొరపాటు పడ్డారనుకున్నాను. రెండోసారి మా ల్యాబులో నా చేత్తో నేనే చూసుకున్నాను. ప్లేటు మీద వాడి పద్ధతి నాకు తెలుసు కదా, రోజూ తిండి పెట్టేదాన్ని. అంచులు ఎలా విస్తరిస్తాడో, ఏ రంగులోకి తిరుగుతాడో. చూడగానే తెలిసిపోయింది. తొడుగు చిరగలేదు. ఆ పూట పెట్టెలోంచి బయటికి తీస్తూ ప్లేట్లు నేనే పడేశాను.

గొట్టం వేసినప్పుడు నీ పేగులోంచి తీసిన ముక్కలో కూడా వాడే ఉన్నాడని ఆసుపత్రి కాగితంలో ఉంది. ఒకే రకం. ల్యాబులో నాకంటుకున్నాడా, లేక ఒకే కంచంలో తిన్న రోజుల నుంచే మనిద్దరిలో ఉన్నాడా, చెప్పలేమంటున్నారు. నాకేమీ చెయ్యలేదు. కడుపు నొప్పి కూడా ఎరగను. నాలో పడుకుని ఉన్నాడు, నీలో లేచాడు. ఎందుకని మేడమ్‌ని అడిగాను. ఆవిడ గోడ మీద ఎన్ని పట్టాలున్నాయో నీకు రాశానా? రాసే ఉండను. చాలా ఉన్నాయి. "తెలియదు" అంది. ఇంకోసారి అడిగాను. "నిజంగానే తెలియదమ్మా" అని నా భుజం మీద చెయ్యి వేసింది.

అమ్మ రక్తహీనతకి మందులు వాడుతోంది, పనికిరాదన్నారు. బావకి కిందటి నెల జ్వరానికి యాంటీబయోటిక్ ఇచ్చారు, పనికిరాదన్నారు. బయటి దాతల కోసం పేరు రాయించాను, పెద్ద వరుస ఉంది. మీ డాక్టరుకి ఫోన్ చేశాను. అంతవరకు పేగు ఆగదు, ఏ క్షణాన్నయినా చిల్లు పడొచ్చు అన్నాడు. నీకు చెప్పాడా? నువ్వు నాకు చెప్పలేదా?

నేను పెంచుతున్నవాటిలో పీచు తిని గోడని కాపాడేవి అరల నిండా ఉన్నాయి. వందల కోట్లు. చెయ్యి చాపితే అందుతాయి, తొడుగులోంచి. ఒక్కటి కూడా నీ దాకా తేలేను. గాలి తగిలితే చచ్చిపోతాయి.

నువ్వు అడిగింది ఒక్కటే. అదీ ఇవ్వలేకపోయాను. నన్ను క్షమించు అక్కా.

తోక


ఇల్లు, మేడ మీద గది

తోకా,

కూర్చుని రాయగలుగుతున్నా. ఆపరేషనయ్యాక అందరూ నువ్వు ఆసుపత్రి గది గుమ్మం బయటే కూర్చుని వెళ్ళిపోయావని చెప్పారు. లోపలికి రాకుండా. అందుకని ముందు నీకే రాస్తున్నా.

పెద్దపేగు మొత్తం తీసేశారు. సీట్లు నింపి నడుపుదామనుకున్న బస్సుని తుక్కుకి పంపారు. పొట్ట మీద కుడి పక్కన చిన్న నోరు, దానికి సంచి. మొదట నేను చూడలేదు, పైకప్పు చూస్తూ పడుకున్నా. సంచి మార్చింది అమ్మే. "చంటిపిల్లప్పుడు చేశాను, ఇప్పుడు చేస్తున్నాను, ఇందులో ఏముంది" అంది. తర్వాత వంటింట్లోకెళ్ళి కుళాయి తిప్పింది. నీళ్ళ చప్పుడు చాలాసేపు వినపడింది. గిన్నెల చప్పుడు మాత్రం లేదు. మీ బావ సంచి బిగింపు అటూ ఇటూ తిప్పి చూసి, మా లిఫ్టు తలుపు రబ్బరు ఇంతకన్నా నయం అన్నాడు. పేగులంటే భయపడిన మనిషి.

సీటు బెల్టు సరిగ్గా సంచి మీదుగా వెళ్తుంది. వంటింటి కుర్చీలో కూర్చుని, పళ్ళెం పట్టుకుని తిప్పి చూశాను. కొలిచినట్టు అక్కడే. డిపోలో అడిగితే చూద్దాం అన్నారు. చూద్దాం అంటే ఏంటో ఇక్కడ అందరికీ తెలుసు. గొడుగులు నా కోసం ఎదురుచూస్తున్నాయి.

మంట లేదు. ఎలా ఉందంటే, రోజంతా నడిపి ఇంజను ఆపేశాక చెవుల్లో ఉంటుందే, అలా ఉంది.

నీ ఉత్తరం ఆపరేషన్‌కి తీసుకెళ్ళే ముందు చదివాను. తర్వాత కూడా చదివాను. ఒకే కంచం, ఒకే రౌడీ. నీలో టికెట్టు తీసుకుని కిటికీ పక్కన కూర్చున్నాడు. నాలో బస్సంతా తగలబెట్టించాడు. నువ్వు రేపు కారం తింటావు. బాత్రూము ఎక్కడుందో చూసుకోకుండా రోడ్డు దాటతావు. గట్టిగా నవ్వుతావు. ఇందులో నీ తప్పు చీమంత లేదు, నాకు తెలుసు. తెలియడం వల్ల ఏం తగ్గలేదు. క్షమించు అని మాత్రం రాయకు, నువ్వు ఆ మాట అంటే నేను "పర్లేదులే" అనాలి. అనలేను. కాలు విరిగినప్పుడు అన్నాను. ఇప్పుడు ఓపిక లేదు.

వీలు చూసుకుని రా. ఈసారి లోపలికి రా. నా పక్కన కూర్చో, నీ వైపు చూడలేకపోతే నేను కిటికీ వైపు చూస్తాను, నువ్వు మీ మేడమ్ కబుర్లు చెప్పు. అది చాలు ఇప్పటికి. ఎప్పటికి తగ్గుతుందో నాకు తెలియదు. దీని మందు నీ గాజుపెట్టెలో వెతకొద్దు.

నిన్ను తలుచుకుంటే నాకు కడుపుమంటగా ఉంది.

మధ్యలో జాగా వదల్లేదు, చూసుకో.

అక్క